మూడో పసుపు రాయి

“పదకొండు మంది,” అన్నాడు చీఫ్. “విదేశాల్లో పనిచేస్తున్న మన ఏజెంట్లు. వాళ్ల పేర్లు, అడ్రసులు ఉన్న మైక్రోఫిల్ము ఇవాళ నాలుగింటికి దేశం దాటబోతోంది.”

ఎదురుగా కూర్చున్నవాడి కోడ్ పేరు గోరింక. చీఫ్ అతని ముందుకు ఒక ఫోటో తోశాడు. అందులో మూడు పసుపు రాళ్లు. వాటి పేరు లెగ్రాండైట్. జింకూ ఆర్సెనిక్కూ కలిసి ఏర్పడే చాలా అరుదైన ఖనిజం. పరాయి దేశం ఎగ్జిబిషన్‌కి ఇచ్చినవి, ఇవాళ తిరిగి వెళ్తున్నాయి. ఒకదాన్ని తీసేసి నకిలీ పెట్టారు. ఫిల్ము దాని కడుపులో ఉంది. ఏ రాయో చెప్పేలోపే ఇన్ఫార్మర్‌ని కాల్చేశారు. పెట్టెకి ఎంబసీ సీలు పడిందంటే ఎవరూ ముట్టుకోలేరు. మూడూ పగలగొడదామంటే రెండు అసలువి పోతాయి, రచ్చ రచ్చవుతుంది.

“స్ట్రాంగ్‌రూమ్ తాళం ఒక్కడి దగ్గరే ఉంటుంది. మ్యూజియం కీపర్,” అని చీఫ్ కాస్త ఆగాడు. “మీ బాబాయి.”

గోరింక ఫోటోని బోర్లించాడు. తండ్రి పోయాక తనని పెంచింది ఆయనే.

మూడింటికి గోరింక ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్‌లా గడ్డం అతికించుకుని, కెమెరా దాచిన పెన్ను జేబులో పెట్టుకుని మ్యూజియంలో దిగాడు. వెంట డిపార్టుమెంటు పంపిన ఖనిజాల నిపుణురాలు ఉంది. అందరూ డాక్టర్ అని పిలుస్తారు. ఆవిడ నవ్విందంటే ఆఫీసులో ఏళ్లతరబడి కదలని ఫైళ్లు కూడా కదిలేవి. కిందటి వారం కూడా రాళ్లు పరీక్షించడానికి ఇక్కడికి వచ్చి వెళ్లింది.

కిటికీల్లేని స్ట్రాంగ్‌రూమ్ తలుపు బాబాయే తీశాడు. గోరింకని ఎగాదిగా చూశాడు, పలకరించలేదు. ఎడమ చెయ్యి మాత్రం కోటు జేబులోంచి బయటికి తియ్యలేదు. గోరింక కళ్లు ఆ జేబు మీదే ఉన్నాయి. అందులో ఏముందో ఊహించాలంటేనే అతనికి భయమేసింది.

డాక్టర్ గ్లవ్స్ తొడుక్కుని మొదటి రాయి అందుకుంది. నాలుగో నంబరు గట్టిదనం ఉన్న రాతిముక్కతో అడుగున గీసింది. గీత పడలేదు. అయిదో నంబరుతో పడింది. అంటే ఇది నాలుగున్నర, అసలుదే అంది. రెండోదీ అంతే. ఉక్కగా ఉందంటూ గ్లవ్స్ తీసేసి, మూడోదాన్ని అటు తిరిగి గబగబా గీసింది.

“మూడూ అసలువే. నకిలీని కీపర్ గారు దాచేసి ఉంటారు. ఆ కోటు వెతకండి,” అని, బొటనవేలు నాలుక మీద అద్దుకుని, రిపోర్టు పేజీ తిప్పి సంతకం పెట్టింది.

గోరింక చెయ్యి అప్రయత్నంగా నడినెత్తి మీదికి వెళ్లింది. చిన్నప్పుడు ఇదే బల్ల దగ్గర హోంవర్కు చేస్తూ వేలు తడుపుకుంటే బాబాయి మొట్టికాయ వేసేవాడు. ఆర్సెనిక్ విషం, ఆ రాయి ముట్టుకున్న చెయ్యి కడగకుండా నోటి దగ్గరికి పోకూడదు. ఈ పని చేసేవాళ్లకి అది ఊపిరి పీల్చడమంత అలవాటు. అది ఆర్సెనిక్ కాదని ముందే తెలిస్తే తప్ప ఎవరూ మర్చిపోరు.

బయట ఎంబసీ వాళ్లు లక్క కరిగిస్తున్నారు. టైము నాలుగుకి అయిదు నిమిషాలు.

“డాక్టర్ గారూ, రెండు రాళ్లకి గ్లవ్స్ ఎందుకు తొడుక్కున్నారు?”

“ఆర్సెనిక్ కదా.”

“మరి మూడోదానికి?”

ఆవిడ నవ్వు మాయమైంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ గొట్టం తీసింది. నిజానికి అది తుపాకీ, అందులో ఒకటే తూటా. రెండో చేత్తో మూడో రాయి తీసుకుని తలుపు వైపు అడుగేసింది.

బాబాయి ఠక్కున లైటు ఆర్పేశాడు. చీకట్లో ఆయన జేబులోంచి ఊదారంగు కాంతి ఒకటి సన్నగా బయటికొచ్చింది. అల్ట్రావయొలెట్ టార్చి. దాని కింద లెగ్రాండైట్ వెలగదు. ఆవిడ చేతిలో రాయి చుట్టూ మాత్రం నీలంగా ఒక గీత మెరిసింది. రెండు ముక్కల్ని అతికించిన జిగురు అది. గోరింక సూటిగా ఆ గీత మీదికి దూకాడు. తూటా గోడలో దిగింది.

ఒక్క నిమిషం టైముండగా రెండు రాళ్లతో పెట్టెకి సీలు పడింది. మూడోది రిపేరులో ఉందని రాసిచ్చారు. అసలుది ఆవిడ ఇంట్లో దొరికింది.

“పొద్దున్నే ఆ జిగురు చూశాను, రాళ్లు ముట్టుకుంది ఆవిడొక్కతే, మీ డిపార్టుమెంటులో ఎవర్ని నమ్మాలో తెలీలేదు,” అన్నాడు బాబాయి, టీ పోస్తూ. “అతికించిన గడ్డంతో, ఆవిడ వెంట వచ్చావు. నువ్వూ అందులో ఉన్నావేమోనని భయపడి చచ్చాను.”

“గుర్తుపట్టావా?”

“చిన్నప్పట్నుంచీ నీకు కుడి చెప్పే అరుగుతుంది కదరా. మరి నువ్వు నన్ను అనుమానించలేదూ?”

గోరింక తల దించుకున్నాడు. “అనుమానించాను బాబాయ్.”

ఆయన కప్పు అతని ముందుకి జరిపాడు. గోరింక టీ కప్పు అందుకోబోతే మాత్రం మొట్టికాయ పడింది. విదేశీ ముఠా గుట్టు రట్టు చేసిన గూఢచారి, బుద్ధిగా లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు.