మబ్బులమ్మాయి మీద నిఘా

"చెప్పులు బయట విప్పండి."

సర్వర్ గది గుమ్మానికి అడ్డంగా నిలబడి అతను ఆమెతో అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, ఎవరు మీరు అన్న పలకరింపూ లేదు.

ఆమె తన కాళ్ల వైపు చూసుకుంది. బయట వాన. నడవా పొడుగునా ఆమె తడి అడుగులు పడి ఉన్నాయి.

"ఇవి చెప్పులు కావండీ, బూట్లు."

"బూట్లకి దుమ్ము అంటుకోదా?"

"ఇంత వానలో దుమ్మెక్కడ దొరుకుతుందండీ?"

ఏడేళ్లుగా ఆ గుమ్మం దగ్గర అతన్ని మాటల్లో నెగ్గినవాళ్లు లేరు.

అది ఒక కళ్లజోళ్ల కంపెనీ హెడ్డాఫీసు. కంపెనీకి నలభై షాపులున్నాయి. ఏ షాపులో ఎవరు కళ్లు పరీక్ష చేయించుకున్నా వాళ్ల ఎడమ కన్ను, కుడి కన్ను పవర్లు ఆ గదిలోని సర్వర్లలోకి వచ్చి చేరతాయి. ఆ డేటాబేస్‌ను కట్టిందీ, సాకిందీ అతనే. బ్యాకప్ ఆగిపోయిందంటే భోజనం మానేసేవాడు. ఆఫీసులో అతనికి 'పహరా' అని పేరు పెట్టారు. అలా పిలిస్తే చిరాకుపడేవాడు గానీ లోపల్లోపల గర్వంగానే ఉండేది.

"మీ డేటాబేస్‌ని క్లౌడ్‌కి మార్చడానికి వచ్చాను" అంది ఆమె. "అంటే, ఇక్కడున్నదంతా బయట డేటా సెంటర్లకి వెళ్లిపోతుంది. మీరు ఇంటర్నెట్‌లో వాడుకుంటారు. ఆరు వారాల పని."

"మరి ఈ గది?"

"ఇంక ఈ గదితో పనుండదండీ!"

ఆమె ఆ మాట శుభవార్త చెప్పినట్టు చెప్పింది. అతనికి మాత్రం 'ఇంక నీతో పనుండదు' అన్నట్టే వినిపించింది.

ఆమె బూట్లు విప్పి లోపలికి వచ్చింది. ఒక మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. అతనికి నవ్వొచ్చింది. పొట్ట కొట్టడానికి వచ్చిన మనిషి ముందు నవ్వడమేమిటని ఆపుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా ఆమెను మబ్బులమ్మాయి అని పిలవడం మొదలుపెట్టింది. అందరికీ ఆమె నచ్చింది. అందుకే అతనికి అనుమానం ఇంకా ముదిరింది.

ఆమె చేతిలో ఎప్పుడూ ఒక నోట్‌బుక్ ఉండేది. ప్రశ్న అడగడం, అతని మొహంలోకి ఒకసారి చూడడం, ఏదో రాసుకోవడం.

"ఈ ప్రోగ్రాము ఆదివారం మాత్రమే ఎందుకు నడుస్తుందండీ?"

"నడవాలి కాబట్టి."

"అదే, ఎందుకు నడవాలి?"

"మర్నాడు సోమవారం కాబట్టి."

ఆమె పెదవి కొరుక్కుని ఏదో రాసుకుంది. ఆ జవాబులో రాసుకోవడానికేముందో అతనికి అంతుపట్టలేదు. సాయంత్రం దాకా అదే ఆలోచన. ఆమె పెదవి కొరుక్కున్న తీరు కూడా మధ్యమధ్య గుర్తొచ్చింది. అది నిఘాలో భాగమే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

రెండో వారంలో అతను లాగ్ తెరిచాడు. డేటాబేస్‌లో ఎవరు ఎప్పుడు ఏం చూసినా అందులో నమోదవుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలింది. రోజూ భోజనాలయ్యాక, సరిగ్గా ఒకటిన్నరకు, ఆమె అతను రాసిన పాత ప్రోగ్రాములు తెరుస్తోంది. ఒక్కోటి పది పదిహేను నిమిషాలు చూస్తోంది. క్లౌడ్‌కి మార్చడానికి ఆ ప్రోగ్రాములను అంతసేపు చూడాల్సిన పని లేదు. కొన్నయితే ఎప్పుడో వాడకం మానేసినవి.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర అక్కతో చెప్పాడు. అక్క పళ్ల డాక్టరు. నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్లతో రోజంతా మాట్లాడి మాట్లాడి ఆవిడకు ఎదుటివాళ్ల జవాబు కోసం ఆగే అలవాటు పోయింది.

"నా తప్పులు వెతుకుతోంది అక్కా. రిపోర్టు రాసి నన్ను పంపించేస్తుంది."

"నీ తప్పుల కోసం ఆ పిల్ల అంత కష్టపడాలా? నన్నడిగితే అరగంటలో చెప్పేదాన్ని."

"నీకన్నీ వేళాకోళమే! నా ఉద్యోగం పోయేలా ఉంది."

"ఒరేయ్, ఆ అమ్మాయి ఎన్నింటికి భోంచేస్తుందో, ఏ చేత్తో రాస్తుందో, ఏ మేజోడుకి చిల్లుందో అన్నీ చెప్పావు. ఉద్యోగం పోయేవాడు చూడాల్సినవేనా ఇవి?"

"శత్రువు సంగతి పూర్తిగా తెలుసుకోవాలి."

"ఊఁ. తెలుసుకో, తెలుసుకో" అని అక్క ప్లేటు తీసేసింది.

నాలుగో వారానికి అతను ఒక ఉచ్చు పన్నాడు. డేటాబేస్‌లో కొత్తగా ఒక టేబుల్, అంటే వివరాలు వరుసల్లో దాచే పట్టిక, తయారుచేసి దానికి 'పాత తప్పులు – డిలీట్ చేయొద్దు' అని పేరు పెట్టాడు. తప్పులు వెతికే మనిషి దాన్ని తెరవకుండా ఉండగలదా? ఎవరు తెరిచినా తన ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాడు. అందులో మూడు వందల వరుసలు నింపాడు. ప్రతి వరుసలోనూ ఒకటే మాట.

గురువారం ఫోన్ మోగలేదు. శుక్రవారం కూడా మోగలేదు.

ఇంకొకరైతే అక్కడితో అనుమానం వదిలేసేవారు. అతను మాత్రం 'ఇంత తెలివైనదా!' అనుకున్నాడు. శనివారం రిహార్సల్ ఉందని తెలిసి కూడా, ఇంకొక్క రోజు చూద్దామని టేబుల్‌ను అలాగే ఉంచాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

రిహార్సల్ అంటే, డేటా అంతా క్లౌడ్‌లోకి కాపీ చేసి, ఇక్కడా అక్కడా సరిపోయిందో లేదో చూసుకోవడం. శనివారం పొద్దున మీటింగు గదిలో మేనేజరుతో పాటు షాపుల తరఫున వచ్చిన ఏడెనిమిది మంది కూర్చున్నారు. గోడమీది పెద్ద తెరపై అంకెలు పడ్డాయి.

పాత చోట టేబుళ్లు: 412. కొత్త చోట: 411.

మేనేజరు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. ఆయనకు కోపం వస్తోందనడానికి అదే గుర్తు.

"ఒకటి దారిలో పడిపోయిందా మేడమ్?"

ఆమె గబగబా రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "'పాత తప్పులు' అనే టేబుల్ రాలేదండీ. బుధవారం నేను జాబితా తీసుకున్నప్పుడు ఇది లేదు."

"పాత తప్పులా? అంటే కస్టమర్లకి తప్పు పవర్లు వెళ్లిన కేసులా? అసలు పోకూడనిదే పోయిందన్నమాట! పైగా 'డిలీట్ చేయొద్దు' అని రాసి కూడా ఉంది కదమ్మా!"

"సార్, అప్పుడిది నిజంగా లేదు."

"లేనిది ఎక్కణ్నుంచి ఊడిపడింది? మీ జాబితా తప్పయి ఉంటుంది. ఇంకెన్ని పోయాయో ఎవరికి తెలుసు? మీవాళ్లకి ఫోన్ చేసి సోమవారం నుంచి ఇంకొకర్ని పంపమంటాను. జనం కళ్లతో వ్యవహారం. నమ్మకం లేకుండా నడవదు."

ల్యాప్‌టాప్ మీద ఉన్న ఆమె వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నెల రోజులుగా ఆ చేతుల మీదే కన్నేసి ఉన్నవాడు గనక అది అతను ఒక్కడే చూశాడు.

అతను నోరు మెదపకపోతే చాలు. ఆమె వెళ్లిపోతుంది. కొత్త మనిషి వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేసరికి నెలలు పడతాయి. ఈలోగా ఎవరికైనా మనసు మారొచ్చు. గది ఉంటుంది, తనుంటాడు. ఏడేళ్ల పహరా నిలబడుతుంది. కావలసిందీ అదే కదా!

కానీ ఆ వేళ్లు వణుకుతున్నాయి. చేయని తప్పుకు ఆమె మాట పడుతోంది, అదీ తన వల్ల.

"సార్, ఆవిడ జాబితా తప్పు కాదు" అంటూ లేచాడు. "ఆ టేబుల్ గురువారం నేను పెట్టాను."

"నువ్వా? ఎందుకు? ఏముంది అందులో?"

"తెరవకండి సార్."

తెరవకండి అన్నాక ఆగే మేనేజరు ఇంకా పుట్టలేదు. తెర మీద మూడు వందల వరుసలు బారులు తీరాయి. 'మేడమ్ గారూ, ఇక్కడ మీకేం పని?' 'మేడమ్ గారూ, ఇక్కడ మీకేం పని?' 'మేడమ్ గారూ, ఇక్కడ మీకేం పని?'

షాపులవాళ్లలో ఒకరు దగ్గుతున్నట్టు నటిస్తూ నవ్వు దాచుకున్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. తెరకేసి, అతనికేసి చూసి, ల్యాప్‌టాప్ మూసేసి బయటికి వెళ్లిపోయింది.

"ఆవిడ నా తప్పులు వెతుకుతోందనుకున్నాను సార్. పట్టుకుందామని పెట్టాను. తప్పంతా నాది."

"సోమవారం పొద్దున నా గదికి రా" అన్నాడు మేనేజరు.

ఆదివారమంతా అతను అన్నం సయించక తిరిగాడు. "ఉద్యోగం గురించేనా?" అని అక్క అడిగింది. "కాదు" అన్నాడు. అక్క ఆ ఒక్కరోజు మాత్రం వేళాకోళం ఆడలేదు.

సోమవారం మేనేజరు ఒక కాగితం ముందుకు తోశాడు.

"క్లౌడ్‌కి వెళ్లాక డేటాబేస్‌ని ఎవరికి అప్పజెప్పాలో రాసివ్వమని ఆ అమ్మాయిని మొదటిరోజే అడిగాను. శుక్రవారం ఇచ్చింది. నీ పేరే రాసింది. శనివారం నువ్వు చేసిన ఘనకార్యం చూశాక, మార్చుకుంటావా అమ్మా అని అడిగాను. మార్చలేదు. కింద రెండు ముక్కలు కలిపింది. చదువు."

'నోరు మూసుకుని ఉంటే ఈయన గట్టెక్కేవారు. ఉండలేకపోయారు. డేటా ఇలాంటి మనిషి చేతిలో ఉండడమే క్షేమం.'

అతను రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఇంకోసారి ఇలాంటి వేషాలు వేస్తే నేనే డిలీట్ చేస్తాను నిన్ను. వెళ్లు."

ఆమె నడవా చివర కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతోంది. బయట మళ్లీ వాన. అతను దగ్గరికి వెళ్లి మాటలు కూడదీసుకునే లోపే ఆమె అంది:

"కోపం పోలేదు. రిపోర్టు వేరు, కోపం వేరు."

"క్షమించమని అడగడానికి వచ్చాను. ఆ రిపోర్టు చూడకముందే అడగాలనుకున్నాను. నమ్ముతారో లేదో."

"అందరి మీదా అనుమానం పెట్టుకునే మనిషి ఎదుటివాళ్లని నమ్మమంటే ఎలాగండీ?"

"నిజమే" అని తల దించుకున్నాడు. "మరి రోజూ ఒకటిన్నరకి నా ప్రోగ్రాముల్లో ఏం చూసేవారు?"

"కామెంట్లు."

ప్రోగ్రాము మధ్యలో, తరవాత చదివేవాళ్ల కోసం రాసిపెట్టే మాటలవి. కంప్యూటరు వాటిని పట్టించుకోదు. మనుషులు కూడా పట్టించుకోరనే అతను అనుకునేవాడు.

"ఒకచోట రాశారు. 'ఒక షాపులో పెద్దాయన కుడి కన్నుకు బదులు ఎడమ కన్ను ముందు రాస్తారు. ఆ పెద్దాయన ముప్పై ఏళ్ల అలవాటును మార్చలేం. కింది మూడు వరుసలు ఆయన కోసం.' ఇంకోచోట, 'ఒక పాపకి తప్పు పవర్ వెళ్లి నెలంతా తలనొప్పితో బాధపడింది. ఈ తనిఖీ ఆ రోజు రాశాను. దయచేసి తీసేయకండి.' పని కోసం పది ప్రోగ్రాములు చదివితే చాలండీ. నేను అన్నీ చదివాను. ఇంత మెత్తగా రాసే మనిషి ఎవరా అని రోజూ పొద్దున మీ గదికి వచ్చేదాన్ని. వస్తే మీరేమో, మర్నాడు సోమవారం కాబట్టి అనేవారు!"

అతను ఎక్కడ చూడాలో తెలియక వాన వైపు చూశాడు.

"మా పాత ఆఫీసులో నాదీ ఇలాంటి గదే" అంది ఆమె, గొంతు తగ్గించి. "మూడేళ్ల కిందట ఖాళీ చేయించారు. రెండు రోజులు ఏడ్చాను. తరవాత తెలిసింది. ఏసీ పనిచేస్తోందా, డిస్కు నిండిందా అని కాపలా కాసే పనే పోయింది. ఏ టేబుల్ ఎలా కట్టాలి, ఏ వివరం అడిగితే జవాబు ఎందుకు నత్తనడక నడుస్తోంది, ఎవరికి ఏది చూపించొచ్చు, ఇవన్నీ అలాగే ఉన్నాయి. ఇంకా పెరిగాయి. ఏడేళ్లు సర్వర్ల ఫ్యాన్ల చప్పుడు వింటూ కూర్చున్నారు. ఆ టైమంతా ఇప్పుడు మీ చేతికొస్తుంది."

"నాకు క్లౌడ్ పని రాదు కదా."

"మీ మేనేజరు గారు మూడు నెలలు నేర్పమన్నారు. నేర్పుతాను. నా మీద ఇంకా అనుమానాలుంటే ఇప్పుడే అడిగేయండి. ఉచ్చులు మాత్రం వద్దు."

అతను గుండె చిక్కబట్టుకున్నాడు. "ఒకటుంది. మూడు నెలలయ్యాక మీరు వేరే ఆఫీసుకి వెళ్లిపోతారేమోనని."

"అనుమానం కాదు, నిజం. నా పనే అది. ఈ ఆఫీసు కాకపోతే ఇంకోటి."

"నాకు మీరంటే ఇష్టం" అన్నాడు అతను. అనేశాక ఇంక ఆగలేదు. "ఎప్పట్నుంచో తెలీదు. మిమ్మల్ని అనుమానించే పనిలో పడి చూసుకోలేదు. శనివారం మీ చేతులు వణకడం చూశాక తెలిసింది. నా ఉద్యోగం పోయినా ఫరవాలేదు గానీ మీరలా వెళ్లిపోతే తట్టుకోలేనని."

ఆమె టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. పెదవి కొరుక్కుంది. ఈసారి ఏమీ రాసుకోలేదు.

"పొద్దున వెళ్లే ఆఫీసు మారుతూ ఉంటుందండీ" అంది చివరికి. "సాయంత్రం వచ్చే ఇల్లు మారనక్కర్లేదు. ఆ ఇల్లు ఎక్కడో మా అమ్మానాన్నలతో మీ పెద్దవాళ్లని మాట్లాడమనండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆటపట్టిస్తోందా, పరీక్షిస్తోందా, దీని వెనక ఇంకేమైనా ఉందా అని ఏడేళ్ల అలవాటు కొద్దీ వెతికాడు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, సంతోషం ఉంది, ఇంకేమీ లేదు. అతను వెతకడం మానేసి, అక్కకు ఫోన్ చేయడానికి జేబులో చెయ్యి పెట్టాడు.