లచ్చయ్య పేరు పిలిస్తే పలికాను

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు లేవు. ఎల్‌బీ నగర్‌లోని నా కిరాయి గది నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని మాజీ సైనికుల దవాఖాన దాకా, దారిలో మూడుచోట్ల కూర్చుంటూ నడిచి వచ్చాను. గుండె ఆపరేషన్ కోసం పెద్దాసుపత్రికి రాసే చీటీ కావాలి. దానికోసం రావడం ఇది ఐదోసారి. గుండె డాక్టరు వారానికి ఒక్క రోజే వస్తాడు.

నా భార్య పోయి రెండేళ్లు. పిల్లలిద్దరూ దేవరకొండ అవతల బడి హాస్టల్లో ఉన్నారు. రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నారా, దోమతెర కట్టుకున్నారా అని అడుగుతాను. నాకేమన్నా అయితే ఆ మాట అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఎప్పుడూ వంద మంది ఉండే వరండాలో ఆ రోజు నేనూ, బల్ల చివర ఒక ముసలాయనా. అంతే. ముంజేతుల దగ్గర అల్లిక ఊడిన ఖాకీ స్వెట్టరు. ఫినాయిల్ వాసన, దాని వెనకే తడిసిన ఉన్ని వాసన. పేరు లచ్చయ్య అట. ఆరు నెలలుగా తిరుగుతున్నాడట. సరిహద్దులో తూటాలు వేళకు అందేవి, ఇక్కడ మందులే అందవు అని నవ్వాడు. పిల్లలెందరు, ఎక్కడున్నారు అని అడిగాడు. మాట్లాడే మనిషి దొరికాడని అన్నీ చెప్పాను. హాస్టల్ పేరుతో సహా.

మా దవాఖానలో పిలిచినప్పుడు పలకకపోతే ఫైలు అడుగుకు పోతుంది. అందుకే ఎవరు పక్కకు వెళ్లినా వాళ్ల బదులు ఇంకొకరు పలుకుతారు. పటాలం నుంచి వచ్చిన అలవాటు.

"జర బయటికి పోయొస్త తమ్మీ," అన్నాడు లచ్చయ్య. "నా పేరొస్తే నువ్వు పలుకు. నీ పేరొస్తే నేను పలుకుత."

కరెంటు పోయింది. సాయంత్రం నాలుగే అయినా వరండా మసకబారింది. అటెండరు అండాలమ్మ తలుపు సందులోంచి పిలిచింది.

"లచ్చయ్య."

"హాజర్," అన్నాను.

ఆమె బయటికి వచ్చింది. నన్ను చూసింది. బల్ల చివరికి చూసింది.

"ఆయన వానకాలంలనే పోయిండు సార్," గొంతు తగ్గించి అంది. "గీ బల్ల మీదనే... నంబరొచ్చేసరికి సల్లగయిండు."

ఎన్నిసార్లు అడుగున పెట్టినా ఆ ఫైలు తెల్లారేసరికి పైకే వస్తోందట. రోజూ తను పిలుస్తుందట. ఎవరూ పలకరట.

"ఇయ్యాల మీరెందుకు పలికిన్రు సార్?"

వరండా చివర నల్లా దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను. రెండు నిమిషాలు... అంతకన్నా కాదు. తిరిగి వచ్చేసరికి డాక్టరు బ్యాగు సర్దుకుంటున్నాడు.

"మహేందర్‌ని సార్. నా వంతు..."

ఆయన చిరాగ్గా చూశాడు. "మహేందర్ గారు ఇప్పుడే వచ్చి వెళ్లారు కదండీ. పిలవగానే హాజర్ అన్నారు. చీటీ ఇచ్చేశాను."

రిజిస్టరు తిప్పి చూపించాడు. నా సంతకమే. కింద గీత కూడా నేను గీసినట్టే. కాగితం మాత్రం తడిగా ఉంది.

నేనే మహేందర్‌నని ఎంత చెప్పినా వినలేదు. వచ్చే వారం రమ్మన్నాడు.

బయటికి వచ్చాను. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. ఫోన్ మోగింది. హాస్టల్ నంబరు. నా బిడ్డ సుచిత్ర.

"నాన్నా, గేటు కాడనే కూసున్నవేంది? లోపలికి రా."

"నేను... హైదరాబాద్‌లనే ఉన్న బిడ్డా."

అవతల ఎవరో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు.

"మరి తమ్ముడు ఎవరి చెయ్యి పట్టుకొని పోతున్నడు నాన్నా?"