మూడో కప్పు

"కార్డు వద్దంటూ మళ్ళీ మీరే పేరూ చిరునామా అడుగుతారేంటండీ?"

యార్క్ సంతవీధిలో శనివారం చినుకుల్లో ఈ మాట అన్నవాడిని, బ్రిటన్ ప్రభుత్వం తేబోతున్న గుర్తింపు కార్డు వద్దని బల్ల వేసుకుని సంతకాలు సేకరిస్తున్న టాంసిన్ ఎగాదిగా చూసింది. తడిసిన జుట్టు, చేతిలో చిప్స్ పొట్లం, కళ్ళల్లో కొంటెతనం.

"ఇది మీకిష్టమైతేనే రాస్తారు. ఆ కార్డుకి వేలిముద్రలతో సహా వాళ్ళడిగినవన్నీ ఇవ్వాల్సిందే."

"ఈ కాగితం ఎక్కడికెళ్తుంది?"

"మన పార్లమెంటు సభ్యుడికి. ఇంకెందుకూ వాడం. మాటిస్తున్నాను."

అతను సంతకం చేశాడు. ఎవాన్ అని తనే చెప్పాడు, పియానోలు శ్రుతి చేస్తాడట. ఆ తర్వాత ప్రతి శనివారం ఏదో ఒక సందేహం పట్టుకుని వచ్చేవాడు. తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకని ఒకసారి వాదించాడు. అయితే మీ డైరీ తెచ్చి ఈ బల్లమీద పెట్టండి అందామె. మరునాడు డైరీ కొనుక్కున్నానని, అందులో దాచుకోవలసింది ఒకటే ఉందని పై వారం చెప్పాడు. అదేమిటో చెప్పలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

బల్లకి అవతలి కొసన కూర్చునే హెరాల్డ్ గారు ఇవేవీ విననట్టే కరపత్రాలు సర్దేవారు. చిన్నప్పుడు యుద్ధకాలపు గుర్తింపు కార్డు బడిసంచిలో మోసిన మనిషి. యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకి కూడా ఒక పోలీసు దాన్ని చూపమని వాళ్ళ నాన్నని నడివీధిలో నిలబెట్టడం ఆయన మరిచిపోలేదు. భార్య పోయి రెండేళ్ళయినా ఫ్లాస్కుతో రెండు కప్పులు తేవడం మానలేదు. ఆ రెండోది టాంసిన్‌ది.

అక్టోబరు చివర్లో ఒక శనివారం పెద్దవాన. బల్ల మడుస్తుంటే ఎవాన్ బస్సుకోసం పరిగెడుతూ వెనక్కి తిరిగాడు.

"నేను రావడం మీకిష్టమో కాదో తెలియడం లేదు. ఇష్టమైతే ఒక్క ముక్క రాయండి. చిరునామా మీ దగ్గరే ఉందిగా."

బస్సు వెళ్ళిపోయింది.

చిరునామా ఉంది. ఆమె చేతికిందే, సంతకాల కట్టలో. పార్లమెంటు సభ్యుడికి పంపవలసిన రోజు కూడా అదే.

"నేను కళ్ళు మూసుకుంటాలే అమ్మాయీ" అన్నారు హెరాల్డ్ గారు.

"మీరు మూసుకుంటే చాలదండీ. నేను కూడా మూసుకోవాలి."

కవరు అంటించి పోస్టులో వేసింది. ఇంటికెళ్ళి చాలాసేపు ఏడ్చింది.

ఒక శనివారం గడిచింది. రెండు, మూడు. తనిచ్చిన మాటే తనకి అడ్డం పడిందనుకుంది. నాలుగో శనివారం బల్లముందు ఎవరో ఆగారు. చేతిలో చిప్స్ లేవు, ముఖంలో నవ్వూ లేదు.

"నాలుగు వారాలు గుమ్మంలో పడ్డ ప్రతి కాగితం తీసి చూశాను. గ్యాస్ బిల్లు కూడా విప్పి వెతికాను. రాయలేదేం?"

"ఆ కాగితం ఇంకెందుకూ వాడనని మీకే మాటిచ్చాను."

అతను బల్ల మీద చేతులు ఆన్చాడు. చినుకులు గుడారం మీద టపటపలాడాయి.

"నన్ను పోగొట్టుకున్నా సరే అనుకున్నారా?"

"అనుకోలేదు. చాలా భయపడ్డాను. అయినా ఆ కట్ట తెరవలేకపోయాను."

ఎవాన్ మెల్లగా టోపీ తీశాడు. ఇన్నేళ్ళలో తన గురించి ఎవరూ ఇంత జాగ్రత్త పడలేదని, అందుకు కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియడం లేదని అన్నాడు. డైరీలోంచి కాగితం చింపి చిరునామా రాశాడు. దాని కింద, 'టాంసిన్ ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు వాడుకోవడానికి' అని రాసి అందించాడు.

"ఇంకో పనికి వాడుకోవాలంటే?"

"నన్నడగాలి. ఒప్పుకుంటాననే అనుకుంటున్నాను."

ఆమె నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. హెరాల్డ్ గారు సంచిలోంచి ఫ్లాస్కు తీశారు. బల్లమీద ఒక కప్పు పెట్టారు, రెండోది పెట్టారు. తర్వాత రుమాల్లో చుట్టిన మూడోది బయటికొచ్చింది.

"మూడు వారాల నుంచి మోస్తున్నాను" అన్నారాయన, టీ పోస్తూ.