గుర్రాల ఊపిరి

మైనస్ యాభై రెండు డిగ్రీల చలిలో అమ్మాయి మొహంలో కనిపించేవి కళ్ళు, రెప్పల మీద మంచు, అంతే. కున్నేయ్‌ని మొదటిసారి అలాగే చూశాను. అదే ఎక్కువైంది నాకు.

"డ్రోన్ ఎగరేసే ఎర్చిమ్ నువ్వేనా?"

"నేనే."

"ఇంకాస్త పొడుగుంటావనుకున్నా."

వాళ్ళ నాన్న ప్రకోపీ గారి మంద, పద్దెనిమిది ఆడగుర్రాలూ ఒక మగగుర్రమూ, నాలుగు రోజులుగా కనిపించడం లేదు. అడవిలో తోడేళ్ళ అడుగుజాడలున్నాయి. మంద పోతే కున్నేయ్ యాకుట్స్క్ పట్నం వెళ్ళి, వాళ్ళ అక్క బట్టల కొట్లో చేరిపోవాలి. ఇంట్లోకి వెళ్ళాక ఆ సంగతి చాలా మామూలుగా చెప్పింది. చెప్పాక పొయ్యి వైపు తిరిగి చాలాసేపు అలాగే నిలబడింది.

మంద కోసం రెండు రోజులు డ్రోన్ ఎగరేశాను. ఆ చలికి ఒక్కో బ్యాటరీ ఐదు నిమిషాలు నిలిచేది. చంకల్లో పెట్టి వెచ్చబెట్టేవాణ్ణి. తెర మీద తెలుపు తప్ప ఏమీ లేదు. ఒక చోట బొమ్మ మసకబారితే, డ్రోన్ దించి లెన్స్ శుభ్రంగా తుడిచాను. నా పనిలో నేను చాలా శ్రద్ధగా ఉంటాను.

మూడో రోజు కున్నేయ్ చెయ్యి చాచింది.

"ఇటివ్వు. నా కోటులో పెట్టుకుంటా. నీ ఒంట్లో వేడి చాలడం లేదు."

ఆమె ఇచ్చిన బ్యాటరీ ఎనిమిది నిమిషాలు పనిచేసింది. నాకు గుండె ఝల్లుమంది.

"పొంగిపోకు. లోపల కుందేలు తోలు ఉంది," అంది.

మధ్యాహ్నానికే చీకటి పడింది. ఇంట్లో కూర్చుని మొత్తం వీడియో చూశాం.

"ఆపు. ఈ మసకేంటి?"

"లెన్స్ మీద మంచు. తుడిచేశాను."

"తుడిచాక మళ్ళీ అక్కడికి వెళ్ళావా?"

"లేదు. బ్యాటరీ అయిపోయింది."

ఆమె నన్ను జాలిగా చూసింది. "లెన్స్ మీద మరకైతే డ్రోన్ ఎటు తిరిగినా తెరమీద ఒకే చోట ఉండాలి కదా! ఇది ఆ చెట్లని వదలడం లేదు. గుర్రాల ఒంటినిండా మంచే, పైనుంచి ఏం కనిపిస్తాయి? వాటి ఊపిరి కనిపిస్తుంది. పట్నంలో పెరిగావా?"

"పక్క ఊళ్ళో."

"సిగ్గులేదూ?"

"ఉంది. ఇప్పుడే తెలుస్తోంది."

ప్రకోపీ గారు పొయ్యిలోకి ఒక రొట్టెముక్క వేసి, నిప్పుకి ఏదో మొక్కుకున్నారు. నా వైపు చూడలేదు.

తెల్లవారగానే స్నోమొబైల్ మీద వెళ్ళి, కున్నేయ్ వెచ్చబెట్టిన బ్యాటరీతో ఎగరేశాను. లార్చ్ చెట్ల మీద తెల్లటి పొగ. కిందికి దించాను. మగగుర్రం తలెత్తింది. కున్నేయ్ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"పంతొమ్మిది," అంది. ఏడ్చేసింది. కన్నీళ్ళు గడ్డకట్టి రెప్పలు అతుక్కుపోయాయి.

"ఏమీ కనిపించడం లేదు!"

చేతొడుగులు తీసేసి ఆమె కళ్ళమీద అరచేతులు పెట్టాను. డ్రోన్ బ్యాటరీ అయిపోతోందని మెడలో వేలాడుతున్న రిమోట్ గోలగోలగా మోగుతోంది.

"కున్నేయ్, నేను తుడవకపోయుంటే రెండు రోజుల ముందే దొరికేవి. తప్పు నాదే. నువ్వు వెళ్ళిపోతావేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"ఇప్పుడా చెప్పడం? డ్రోన్ ఏమైంది?"

"పడిపోయింది. మగగుర్రం వాసన చూస్తోంది."

"పడకముందే దించలేకపోయావా?"

"చేతులు ఖాళీ లేవు."

ఆమె నా చేతుల్ని తొలగించలేదు. వేళ్ళు మొద్దుబారాయి కానీ తియ్యబుద్ధి కాలేదు. రెప్పలు విడిపోయాక ముందు గుర్రాల్ని చూసింది, తర్వాత నన్ను.

"మందని తోలడానికి నాన్నొక్కడూ చాలడు. నువ్వుండాలి."

"ఎన్నాళ్ళు?"

"చలి తగ్గేదాకా."

"మే నెలకి తగ్గుతుంది. తర్వాత?"

"తర్వాత మళ్ళీ చలికాలం రాదా ఏంటి?" అని, చేతొడుగులు తనే నా చేతులకి తొడిగింది.