మాణిక్యమ్మ డోలు

సబ్‌వూఫర్‌ పెట్టెను సోఫా మీద దర్జాగా కూర్చోబెట్టి, రజియా గోడవారన మోకాళ్ల మీద పాకుతోంది. నేలను కదిపే లోతు మోతల లెక్క చూసే మంద్రశాఖలో ఉద్యోగమంటే సగం రోజు ఇదే. మనిషి కూర్చునే చోట పెట్టెను ఉంచి మోగించాలి. పాకుతూ వెళ్తుంటే ఎక్కడ నిండుగా వినిపిస్తే పెట్టెను అక్కడికి మార్చాలి.

ఆ ఇంటాయన గవర్రాజు కూడా ఆమె వెనకే పాకుతున్నాడు. ఆయన్నెవరూ పాకమనలేదు.

కిటికీ పక్కన ధ్వని నిండింది. రజియా ఆగింది.

“ఇన్నాళ్లూ పెట్టె ఎక్కడుంచారు బాబాయిగారూ?”

“మా ఆవిడ కాళ్ల దగ్గరేనమ్మా. దగ్గరుంటే బాగా తెలుస్తాదని.”

గదిలో మంద్రం చచ్చిపోయే చోటు సరిగ్గా అదే. పాపం, అది తెలియక ఆయన వాల్యూం పెంచుకుంటూ పోయాడు. మంద్రం స్తంభాల్లోంచి ఈ ఇళ్ల గోపురమంతా పాకుతుంది కనుక, ఆ లెక్క చూసే యంత్రం కంపసాక్షి దాన్ని ఇంటికింతని పంచుతుంది. ఈ ఇంటి ఏడాది వంతు అప్పుడే ఖర్చయిపోయింది. ఇక మోగకుండా పెట్టెకు ముద్ర వేయాలి.

మాణిక్యమ్మ ఒకప్పుడు డోలు విద్వాంసురాలు. చెవులు పోయాక, తన పాత కచేరీలను అరికాళ్లతోనే వింటోంది. ముద్ర పడితే ఆమెకు అదీ ఉండదు. సంగతేమిటో మొగుడి మొహంలోనే చదువుకుని, “పోన్లే, నా వాయింపు నాకు తెలీందా?” అంది. పాదాలు మాత్రం నేల మీంచి తీయలేదు.

రజియాకూ ఓ వంతుంది. వాన సాయంత్రాలకని దాన్ని దాచుకుంది, పిసినారిలా. ఇవ్వాలంటే ప్రాణం ఉసూరుమంది. అయినా మణికట్టుకున్న మైకు దగ్గర నోరు పెట్టి, కంపసాక్షితో “నా మంద్రం ఈ ఇంటికి మార్చు,” అంది.

“అద్దెకా, మారకానికా?” అంది కంపసాక్షి.

“రెండూ కాదు. ఊరికే.”

“అటువంటి పద్ధతి నమోదులో లేదు. ఎప్పుడు తిరిగి తీసుకుంటారు?”

“తీసుకోను.”

“అందరినీ అడిగేదాకా తాత్కాలికంగా మారుస్తున్నాను,” అంది కంపసాక్షి. రజియా పెట్టెను కిటికీ పక్కకు జరిపి మీట నొక్కింది. నేల మెల్లగా మూలిగింది. మాణిక్యమ్మ సోఫాలోకి వచ్చి కూర్చుని కళ్లు మూసుకుంది. కాసేపటికి మొహం చిట్లించి, “ఇక్కడ తొందరపడ్డాను. అప్పుడు మీరైనా చెప్పలేదేంటి?” అని మొగుణ్ని నిలదీసింది.

“చెబితే ఊరుకునేదానివా?” అన్నాడు గవర్రాజు, ఆమెకు తన పెదవులు కనబడేలా వంగి. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే రజియా వైర్లు సర్దుతున్నట్టు నటించింది.

తెలియని పద్ధతి ఎదురైతే కంపసాక్షి నివాసులందరి అభిప్రాయం అడగాలి. రజియా లిఫ్ట్ ఎక్కేసరికి ఆ ప్రశ్న గోడ మీద వెలుగుతోంది: ‘ఒకరి మంద్రం మరొకరికి ఊరికే ఇవ్వవచ్చునా? అవును, కాదు.’

కింద జవాబులు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. అవునని గానీ కాదని గానీ ఎవరూ అనలేదు. ‘నాది కూడా తీసుకోండి’ అని ముందు ఒక ఇల్లు రాసింది. దాని కింద ఇంకొకటి, ‘మాదీను’ అని.