స్టూలు మీద ఎవరున్నారు?

మా హోంలో ఉండేది ఐదుగురు. వయసుకి పెద్దవాళ్ళే, కానీ బట్టలు మార్చుకోవాలన్నా రోడ్డు దాటాలన్నా పక్కన ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. నాతో పాటు వంటావిడ, వారానికి రెండుసార్లు వచ్చి హడావిడి చేసి వెళ్ళే మేనేజరు మేడమ్. కింద వంటిల్లు, పైన గదులు, మెట్లెక్కగానే స్నానాలగది. దాని తలుపు బయట ఒక చెక్క స్టూలు ఉంటుంది.

మూర్ఛ వచ్చేవాళ్ళు తొట్టిలో స్నానం చేస్తున్నంతసేపూ ఆ స్టూలు మీద ఒకరు కూర్చోవాలి. ఐదు నిమిషాలకోసారి తలుపు తీసి చూడాలి. తలుపుకి అంటించిన కాగితంలో ఎనిమిది గడులుంటాయి. చూసినప్పుడల్లా ఒక టిక్కు పెట్టాలి. చెప్పడానికేం, బాగానే ఉంటుంది. ఐదుగురికి ఒక్కదాన్ని, ఎన్నిసార్లని పెన్ను వెతుక్కోను? కూర్చోగానే ఎనిమిదీ ఒకేసారి కొట్టేసేదాన్ని. నాకు ముందు పనిచేసినావిడే అలా నేర్పింది.

అక్కడ ఒకాయన ఉండేవాడు. అందరికీ బాబాయే. యాభై దాటినా నోట ఒక్క మాట రాదు. నీళ్ళంటే మాత్రం ప్రాణం. తొట్టిలో కూర్చుని స్టీలు చెంబుతో అంచు మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. బయట నేను తలుపు మీద రెండుసార్లు కొట్టాలి. టక్ టక్. వెంటనే లోపల పకపకా నవ్వు. స్నానం అయ్యేదాకా అవే మా కబుర్లు. నేను ఆలస్యం చేస్తే చెంబు సొట్టపోయేలా కొట్టేవాడు, అంత మొండిఘటం. ఆయనంటే నాకు ఇష్టం. ఇది మాత్రం అబద్ధం కాదు.

ఒకరోజు ఆయన స్నానంలో ఉండగా మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళాయన మీద చాడీలు. పెరట్లోకి వెళ్ళి విన్నాను. తిరిగొచ్చేసరికి పదకొండు నిమిషాలైంది. లోపల చప్పుడు లేదు. చెంబు నీళ్ళ అడుగున ఉంది. బాబాయ్ కూడా.

విచారణకి వచ్చినాయన కాగితం చూశాడు. ఎనిమిది టిక్కులూ ఉన్నాయి. "ఇంతకంటే ఎవరు మాత్రం ఏం చెయ్యగలరమ్మా" అని నన్నే ఓదార్చి వెళ్ళాడు. నేను తలూపాను. మేడమ్ ఆ చెంబు పారేయించి ప్లాస్టిక్ మగ్గు పెట్టించింది.

రెండు నెలలకి బాబాయ్ గదిలోకి చిట్టి వచ్చింది. ఇరవై రెండేళ్ళు. తనకీ మూర్ఛే. దింపడానికి వచ్చిన వాళ్ళక్క నా చెయ్యి వదల్లేదు.

"చెప్పాపెట్టకుండా వస్తుందక్కా దానికి. నీళ్ళ దగ్గర ఒక్క క్షణం కూడా వదలకండి. అమ్మ పోయాక నాకున్నది ఇదొక్కతే."

"కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటానమ్మా," అన్నాను. నిజంగానే అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం. బయట సన్నగా వాన. నాలుగింటికి వాళ్ళక్క చూడటానికి వస్తుందని చిట్టిని తొట్టిలో కూర్చోబెట్టాను. తలుపు దగ్గరగా వేసి, ఎనిమిది టిక్కులూ కొట్టేసి, స్టూలు మీద కూర్చున్నాను. అలవాటు. చెయ్యి దానంతటదే చేసేసింది.

కింద నుంచి వంటావిడ కేకేసింది. "ఏమే, గ్యాస్ బండ వచ్చింది. ఒక చెయ్యి వేసి వెళ్ళు!"

ఒక్క నిమిషమే కదా అని దిగాను. బండ లోపలికి దొర్లించాం. పొయ్యికి బిగించాం. వాసనొస్తోందేమోనని ఇద్దరం వంగి చూశాం. గ్యాస్ వాసన కాదు. గంధం సబ్బు వాసన. బాబాయ్ వాడే సబ్బు...

అప్పుడు పైనుంచి వినిపించింది.

టక్ టక్.

వంటావిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఆ చెంబు పారేశాం కదే..." అని గొణిగింది.

టక్ టక్. టక్ టక్. జవాబు రానప్పుడు కొట్టే కొట్టుడు. గోడలు అదురుతున్నాయి. టక్ టక్ టక్ టక్...

ఆగిపోయింది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. ఒక్కో మెట్టు మీద తడి పాదం ముద్ర... అన్నీ కిందికి దిగుతున్న ముద్రలే. స్టూలు మీద నీళ్ళు. తలుపు బార్లా తీసి ఉంది. చిట్టి తల నీళ్ళలో ఉంది. జుట్టు పట్టుకుని లాగాను. వీపు మీద చరిచాను. ఒకసారి... రెండుసార్లు... దగ్గింది. ఊపిరి తీసుకుంది. ప్లాస్టిక్ మగ్గు నీళ్ళ మీద నిశ్శబ్దంగా తేలుతోంది.

నాలుగింటికి వాళ్ళక్క వచ్చింది. విషయం విని మొహం పాలిపోయింది. దుప్పటి కప్పుకుని పడుకున్న చెల్లెల్ని నిమురుతూ నా వైపు చూసింది.

"అప్పుడు బయట ఎవరున్నారక్కా?"

నిజం గొంతుదాకా వచ్చింది. చెప్పేస్తే పోయేది ఉద్యోగమే. చెప్పకపోతే ఈ పిల్ల రేపు మళ్ళీ అదే తొట్టిలో, అదే నా చేతుల్లో. ఇదంతా తెలిసే, కాగితం చూపించాను.

"నేనేనమ్మా. చూడు, ఎనిమిది టిక్కులూ ఉన్నాయి."

ఆ అమ్మాయి నా చేతులు కళ్ళకద్దుకుని ఏడ్చింది. మూసి ఉన్న స్నానాలగదిలో ఎవరో ఒక్కసారి కొట్టారు. రెండోది కొట్టలేదు.

హోం నుంచి వెళ్తే మా ఇంట్లో నేను ఒంటికాయ శొంఠికొమ్మునే. మర్నాడు పొద్దున స్నానానికి వెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకోగానే కళ్ళు తిరిగాయి. చీకటి కమ్మింది. తూలి గోడకి జారబడ్డాను. తలుపు బయట... టక్ టక్. తెలివొచ్చింది. మగ్గుతో బకెట్ మీద రెండుసార్లు కొట్టాను. బయట స్టూలు జరిపిన చప్పుడైంది. మా ఇంట్లో స్టూలు లేదు.

అప్పట్నుంచి రోజూ అంతే. నీళ్ళు పోసుకుంటే కళ్ళు తిరుగుతాయి. ఐదు నిమిషాలకోసారి టక్ టక్. నేను జవాబిస్తాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ చప్పుడు కోసమే ఎదురుచూసేదాన్ని. బతికున్నప్పుడు నేను ఆయనకి చెయ్యని పని, పోయాక ఆయన నాకు చేస్తున్నాడు. చిట్టి వాళ్ళక్కకి ఫోన్ చేద్దామని ఎన్నిసార్లో నంబరు నొక్కి ఆపేశాను. నిన్న కూడా.

ఈ రోజు పొద్దున తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగది దగ్గరికి వెళ్ళాను. తలుపుకి బయటివైపు తడి వేలితో గీసిన గుర్తులున్నాయి. వరసగా, కొంచెం వంకరగా, అచ్చం నేను పెట్టినట్టే.

లెక్కపెట్టాను. ఎనిమిది టిక్కులు.

నేనింకా లోపలికే వెళ్ళలేదు.