అరవై మీద నిలబడాల

ముత్తుకూరు నుంచి వాకాడు వైపు వచ్చే దారిలో, ఉప్పుమళ్ల మధ్య ఒక కల్వర్టు ఉంది. చీకటి పడ్డాక అక్కడ బండి స్పీడు అరవై కంటే తగ్గకూడదంటారు. తగ్గితే... పక్కనే ఎవరో పరిగెత్తుతూ వస్తారట. తడి కాళ్ల చప్పుడు వినిపిస్తుంది. మనిషి కనపడదు.

ఉషకు ఈ మాట వాళ్లత్త చెంచమ్మ చెప్పింది. ఆ దారినే పోయి రావాల్సిన రొయ్యల కంపెనీలో పనికి కుదిరిన రోజే చెప్పింది. పని మానుకుందామంటే కుదరదు. మొగుడు గణేష్ పడవలో జారిపడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. ఇంట్లో ఉన్నదల్లా ఒక పాత చిన్న స్కూటరు. యాభై దాటితే వణికేది, ఇంకాస్త తిప్పితే దగ్గేది.

దాన్ని గూడూరులో మెకానిక్ యెహోషువ షెడ్డుకు తీసుకుపోయింది.

"అన్నా, అరవై మీద నిలబడాల."

ఎందుకని అతను అడగలేదు. ఆ దారి అతనికీ తెలుసు. కార్బురేటర్ విప్పి కడిగాడు, జెట్టు మార్చాడు, అరిగిపోయిన రోలర్లు తీసేసి కొత్తవి వేశాడు, చక్రాన్ని తిప్పే బెల్టు కూడా కొత్తది ఎక్కించాడు.

"ఇంక అడ్డం తిరగదు. ఒకటి గుర్తు పెట్టుకోమ్మా... ఎడమ పక్క టపటపమని చప్పుడొస్తే బెల్టు పోతా ఉందని. వెంటనే ఆపెయ్. తెగి చుట్టుకుంటే చక్రం పట్టేస్తాది."

కొన్నాళ్లు బండి మాట తప్పలేదు. ఎదురుగాలిలో కూడా ముల్లు అరవై కిందికి దిగలేదు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. ఉష బయలుదేరేసరికే చీకటి. కల్వర్టు కనపడగానే యాక్సిలరేటర్ తిప్పింది. అరవై రెండు... అరవై మూడు...

టప్... టప్... టప్...

ఎడమ పక్కనే.

ఇంకాస్త తిప్పింది. చప్పుడు కూడా వేగం పెంచింది.

బెల్టయితే ఆపాలి. అదయితే ఆపకూడదు.

తను కూడా మంచాన పడితే ఇంట్లో గణేష్‌కు గుక్కెడు నీళ్లిచ్చేదెవరు — ఆ ఒక్క ఆలోచనతో తాళం తిప్పేసింది. ఇంజన్ ఆగిపోయింది. చినుకుల్లో స్కూటరు దానంతటదే దొర్లుతోంది.

టప్... టప్... టప్...

చప్పుడు ఆగలేదు.

బండి నెమ్మదించింది. అదీ నెమ్మదించింది. బండి ఆగింది. అదీ ఆగింది... పక్కనే. ఆయాసపడుతున్న ఊపిరి. ఉప్పునీటి వాసన.

ఉష తల తిప్పలేదు. కాసేపటికి ఆ అడుగులు రోడ్డు దిగి, నీళ్లలోకి పోయాయి. అక్కడినుంచి సన్నగా ఒక మూలుగు —

"ఎవరన్నా ఉండారా..."

మనిషి గొంతు. తెలిసిన గొంతు. ఫోన్ లైటు వేసింది. కాలవలో మోటర్ సైకిలు తిరగబడి ఉంది. దాని కింద కాలు ఇరుక్కుని, వెనక వీధి మధుబాబు. ఒళ్లంతా నీళ్లలో మునిగి ముఖం ఒక్కటే పైకి ఉంది. కళ్ల నిండా బురద.

"మధూ, నేను ఉషక్కను. వస్తా ఉండా."

లారీవాళ్లు లైటు చూసి ఆగడం, అతన్ని పైకి లాగడం, కాలు విరిగినా ప్రాణం దక్కడం — అదంతా తర్వాత. ఉష ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పేది, అంతకు ముందు జరిగిన దాని గురించే.

తను ఇంకా గట్టు దిగుతూనే ఉంది. మధుబాబు గొణిగాడు.

"అక్కా... చెయ్యి తియ్యబాక. ఇందాకట్నుంచి నువ్వు తల పట్టుకోబట్టే నీళ్లు మింగకుండా ఉండా."

ఉష నిలబడిపోయింది. లైటు తిప్పి చూసింది. అతని చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఏడుస్తూనే నీళ్లలోకి దిగింది. అతని తల కింద రెండు చేతులూ పెట్టింది.

అక్కడ అప్పటికే ఉన్న వేళ్లు... చల్లగా... ఒక్కొక్కటే పక్కకు జరిగి, చోటిచ్చాయి.